అత్తమ్మ ప్రార్థించిన గూఢచారి

మా సంఘంలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇలా ఉంటుంది. డిగ్రీ చదివిన కోడలు, నోరున్న కోడలు, ప్రార్థనాపరురాలైన అత్తను ఏసీ చల్లదనం ఆశ చూపి కొంపల్లి మాల్‌కు తీసుకుపోయి, అటునుంచి అటే సినిమా హాల్లో కూర్చోబెట్టిందట. పాపం ఆ తల్లికి సినిమా అంటే ఏమిటో తెలియదట. తెర మీద కిందపడేవాణ్ణి చూసి నిజంగానే ఎవరో పడిపోతున్నాడనుకుందట. అందుకే ఆ పొరపాటంతా జరిగిందట.

ఈ కథలో రెండే నిజాలు. నేను డిగ్రీ చదివాను. నాకు నోరుంది.

మిగతాదంతా తలకిందులు. సినిమాకు తీసుకుపోయింది నేను కాదు, ఆమె. సినిమా అంటే ఏమిటో తెలియనిది ఆమె కాదు, ఆ రోజు తేలినదాన్ని బట్టి చూస్తే, నేనే.

మేడ్చల్‌లో మా ఇల్లు. మా ఆయన దూలపల్లిలో ఒక చిన్న ప్యాకింగ్ కంపెనీలో సూపర్‌వైజరు. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మా అత్తమ్మ శుక్రవారం చెబుతుంది. అంటే మా చర్చిలో స్త్రీల ఉపవాస కూడిక శుక్రవారం జరుగుతుంది. దాన్ని నడిపేది ఆమె. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆమే. గండిమైసమ్మ నుంచి, దూలపల్లి నుంచి కూడా ఆటోలెక్కి వస్తారు ఆడవాళ్లు. తాగే మొగుడు, నిలవని గర్భం, రాని ఉద్యోగం, అన్నీ ఆమె ముందు పెడతారు. ఆమె కళ్లు మూసుకుని, చీర చెంగు నెత్తిమీదికి లాక్కుని మొదలుపెడితే గది గదంతా ఏడుస్తుంది. మామయ్య పోయాక వారంలో మిగతా రోజులన్నీ ఆమెకు ఆ శుక్రవారానికి తోవలాంటివి.

సినిమాల సంగతి వేరే చెప్పాలా? నేను పెళ్లై వచ్చేనాటికి ఆ ఇంట్లో టీవీ లేదు. మామయ్య తెచ్చుకోనివ్వలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చింది కానీ, దాని మీద అల్లిక గుడ్డ కప్పి ఉండేది. కూడికలో అత్తమ్మ చెప్పే మాట నాకు కంఠతా వచ్చు: "కండ్లకు ఏది వెడితె మనసు గదే తింటది."

అలాంటి మనిషి, ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున, నేను కందిపప్పు కడుగుతుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంది:

"కొంపల్లిల గా సీఐడి సినిమ వచ్చిందట గదా. తెలుగుల గూడ ఉన్నదట. పోదమా?"

నల్లా నీళ్లు గిన్నె మీంచి పొర్లుతున్నాయి. నేను కట్టేయలేదు.

"ఏం సినిమ అత్తమ్మా?"

"అదేనే. ఒక్కడే ఉంటడు, అందరు వాన్నే సంపుతమని తిరుగుతరు. వాడు దుంకుతనే ఉంటడు. గది."

"మీకెవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పాల్నా? హైవే మీద గంత పెద్ద బోర్డు పెట్టిన్రు. కండ్ల ఆపరేషన్ చేయించింది మీరే గదా. కనవడ్తాంది మరి!"

నాకు ఆ సినిమాల మీద పిచ్చి అని ఇంట్లో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్లుగా వస్తున్న వరస అది. ఒకే గూఢచారి, ప్రతిసారీ ఒక కొత్త ప్రమాదం. మా ఆయనకు అవి గిట్టవు. "ముసలోడైండు, ఇంక దుంకుడేంది?" అంటాడు. నేను సెలవుల్లో ఒంటరిగా పోయి చూద్దామని మనసులో అనుకున్న మాట నిజమే. కానీ అడిగింది ఆమె. ఈ ముక్క నేను సంఘంలో ఎంతమందికి చెప్పానో! ఒక్కరు కూడా నమ్మలేదు.

గురువారం మార్నింగ్ షోకు పోయాం. ఆటోలో దారి పొడవునా నేనే వాగాను. డూపు లేకుండా ఆ హీరోనే అన్నీ చేస్తాడని, ఈసారి మంచుకొండల మధ్య కేబుల్ కారు కింద వేలాడాడని, ఆ వయసులో నిజంగా వేలాడాడని. ఆమె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లారీలను చూస్తూ వింది. "నిజంగ ఏలాడిండా?" అని ఒక్కసారి అడిగింది. "నిజంగనే అత్తమ్మా, కింద ఏం లేదు," అన్నాను.

ఇక సినిమా సంగతి. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లతో నేను ఎక్కడైనా కొట్లాడతాను కాబట్టి ఇక్కడా చెబుతాను. అందరూ దుమకడం గురించే మాట్లాడతారు. దుమకడం గొప్ప కాదు. దుమికాక వాడు వెంటనే లేవడు, అదీ గొప్ప. మన హీరోలు పది అంతస్తుల మీంచి పడి, దుమ్ము దులుపుకుని, డైలాగు చెబుతారు. ఇతను పడి, అలాగే కూర్చుని, రొప్పుతూ, ఒక మోకాలు పట్టుకుంటాడు. హాలంతా ఆ మోకాలి గురించే ఆలోచిస్తుంది. మళ్లీ లేస్తాడా? లేస్తాడని తెలుసు, అయినా భయం. వయసును దాచకుండా కథలోకి తెచ్చుకున్నారు. పాత సినిమాల్లో వాడు చావుకు భయపడేవాడు కాదు, ఇందులో భయపడతాడు, అయినా పోతాడు. రెండోది, చప్పుడు లేకపోవడం. ఆ కేబుల్ కారు సీనులో సంగీతం ఆపేశారు. గాలి, తీగ కిర్రుమనడం, వాడి ఊపిరి, అంతే. నా వెనక వరుసలో పాప్‌కార్న్ నమిలేవాడు నమలడం మానేశాడు. మూడోది, విలన్ అరవడు. నెమ్మదిగా, మా స్కూలు కరస్పాండెంటు ఫీజు అడిగినట్టు, మర్యాదగా మాట్లాడతాడు. వెన్ను జలదరిస్తుంది.

కానీ ఆ రోజు నా వెన్ను జలదరించింది విలన్ వల్ల కాదు.

సినిమా మొదలైన అరగంటకు ఒక పెద్దావిడ వస్తుంది. నెరిసిన జుట్టు, నల్ల కోటు. గూఢచారులందరికీ పైఅధికారి. ఆమెను చూడగానే మా అత్తమ్మ నా మోచేతిని పొడిచి, గుసగుసగా కాదు, మామూలు గొంతుతోనే అంది:

"గీ పిల్ల మొదటిదాంట్ల ఫోన్ల కాడ కూసుంటుండె. ఎంత పెద్దదైందో జూడు!"

నేను ఆమె వైపు తిరిగాను. తెర వెలుగులో ఆమె ముఖం నింపాదిగా ఉంది.

మొదటి సినిమా నేను టీవీలో రెండుసార్లు చూశాను. ఫోన్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఎవరో నాకు గుర్తే లేదు. నాకు తెలిసి ఆ సినిమా గురించి ఇంటర్నెట్‌లో పేజీలు పేజీలు రాసేవాళ్లకు కూడా గుర్తుండి ఉండదు. కానీ ఇంటర్వెల్‌కు ముందు సినిమానే అత్తమ్మ మాటను నిజం చేసింది. మొదటి సినిమాలోని పాత బొమ్మ వేసి చూపించారు. ఫోన్ల వరస ముందు, చెవికి రిసీవర్ పెట్టుకుని, సన్నటి మెడతో, ఆ పిల్ల. హాల్లో ఈలలు వేశారు.

ఇంటర్వెల్‌లో అడిగాను. "మొదటిది మీరెప్పుడు చూసిన్రు అత్తమ్మా?"

"సమోస సల్లగైతాంది. తిను."

"అత్తమ్మా!"

"ఏందే, అరుస్తవ్? మంది జూస్తాన్రు."

రెండో సగంలో వాడు తీగకు వేలాడుతున్నప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. వాడు మంచులో పడి, మోకాలు పట్టుకుని, చివరికి లేచి నిలబడ్డప్పుడు "స్తోత్రం ప్రభువా" అని గట్టిగా నిట్టూర్చింది. ముందు వరుసలో ఒకతను వెనక్కి తిరిగి నవ్వాడు. బయటికి వచ్చాక నేను మళ్లీ అడగబోతే, మోకాళ్లు గుంజుతున్నాయి, ఆటో పిలవమంది.

ఇంతటితో ఆగితే ఇది మా ఇంట్లో మాట. కానీ మర్నాడు శుక్రవారం.

కూడికలో ఒక పద్ధతి ఉంది. వాక్యం అయ్యాక ప్రార్థన మనవులు అడుగుతారు. ఎవరికి ఏం కష్టముందో లేచి చెబుతారు, అందరూ కలిసి గొంతెత్తి ప్రార్థిస్తారు. ఆ రోజు ఒకామె మరిది జాండిస్ గురించి చెప్పింది. ఇంకొకామె కూతురు కాన్పు గురించి. అవయ్యాక అత్తమ్మ తానే మొదలుపెట్టింది.

"ఒక బిడ్డ ఉన్నడు. వయసు మీద వడ్డది. అయినా ఎత్తుల మీద పని. తాళ్ల మీద ఏలాడ్తడు, దుంకుతడు. వద్దని చెప్పేటోళ్లు లేరు. మోకాలు ఖరాబైంది. వాని ఎముకలల్ల ఒక్కటన్న ఇరగకుంట ప్రభువు కాయాలె."

చాపల మీద నేను ఆమెకు ఎదురుగానే కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్లు ఎవరో బిల్డింగులకు రంగులేసే మనిషి అనుకున్నారు. అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట మాకు అలాంటి కబుర్లు కొత్త కాదు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ ప్రార్థన, నేను అబద్ధం చెప్పను, ఆ గదిలో నేను విన్నవాటిలో పెద్దది. ముసలమ్మలు నేలను చేతులతో కొట్టి ఏడ్చారు. "ప్రభువా, ఆ తాడు తెగకుంట జూడు!" అని ఒకామె అరిచింది.

ఆమెన్ చెప్పాక, వెనక కూర్చున్న ఒకావిడ, మంచి మనసుతోనే, అడిగింది.

"ఎవలమ్మా, మన సంఘపోడేనా? పేరు చెప్తె ఇంటికాడ గూడ పేరు వెట్టి ప్రార్థన చేస్త."

"సినిమల ఆయన," అంది అత్తమ్మ.

ముక్కులు చీదడం ఆగిపోయింది.

"ఏ సినిమలమ్మా?"

"కొంపల్లిల ఆడ్తాంది. నిన్న జూసినం."

నిన్న చూశాం అనగానే ఇరవై జతల కళ్లు నా మీదికి తిరిగాయి. నా మీదికే! మాట్లాడింది ఆమె, చూసింది ఆమె, నవ్వొచ్చేంత అమాయకంగా కూర్చున్నది ఆమె. మేము ఆటో దిగి ఇంటి తాళం తీసేలోపు శామీర్‌పేట నుంచి మా ఆడబిడ్డ ఫోను.

"ఏంది వదినా, మా అమ్మను సినిమలకు తిప్పుతున్నవంట?"

"మీ అమ్మనే నన్ను తిప్పుతుంది," అన్నాను.

"ఆఁ, నమ్మినం తీయ్!"

సాయంత్రం పాస్టరయ్యగారి దగ్గరి నుంచి కబురు. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటారు. శుక్రవారం కూడిక ఇక మీదట ఆమె నడపాలా వద్దా అన్నది తేలుస్తారు.

కబురు తెచ్చిన మనిషి వెళ్లాక నేను అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను. "సినిమ సంగతి సినిమతోనే మరిసిపోవాలె గాని, కూడికల దెస్తరా ఎవరన్న?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే గదనే చెప్పినవ్, డూపు లేదని, కింద ఏం లేదని? పడితె నిజంగనే సస్తడు గదా. సావు నిజమైనప్పుడు ప్రార్థన ఎట్ల అబద్ధమైతది?"

ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. నా పాఠం నాకే అప్పజెప్పింది.

కానీ ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మా ఆయన బతిమాలితే, గోడవైపు తిరిగి పడుకునే అంది: "శుక్రారం లేకుంటె నాకు వారంల ఏం రోజుంటదిరా?" ఆయన బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఆ మనిషి కళ్లలో నీళ్లు నేను అంతకుముందు మామయ్యను సమాధి చేసిన రోజే చూశాను.

మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. తప్పు నా మీద వేసుకుంటాను. నాకెలాగూ సంఘంలో మంచి పేరు లేదు, పోయేదీ లేదు. అత్తమ్మకు బాగా చెప్పి పెట్టాను. "మీరేం మాట్లాడకుండ్రి. అడిగితె, కోడలు తీస్కపోయింది, నాకు తెల్వది, గంతే అనుండ్రి." ఆమె తలూపింది. ఊపిందనే అనుకున్నాను.

ఆదివారం చర్చి పక్క గదిలో కూర్చున్నాం. పాస్టరయ్యగారు, ఇద్దరు పెద్దలు, మా కుటుంబం. పెద్దల్లో ఒకాయన రిటైరైన మనిషి. నాకూ ఆయనకూ క్రిస్మస్ స్టారు ఎక్కడ కట్టాలన్న దగ్గరి నుంచీ పడదు.

"ఆ సినిమల్ల ఏముంటయమ్మా, సగం బట్టల ఆడోళ్లు, ముద్దులు," అన్నాడు.

ఒప్పుకోవడానికి పోయినదాన్ని, ఒప్పుకుని ఊరుకోవాలి కదా. నోరు ఊరుకుంటుందా?

"మీరు చూసిన్రా పెద్దయ్యా? మూడు గంటల్ల ఒక్క ముద్దు లేదు. అందరు కోట్లేసుకున్నరు, మంచుల. పగోడు పడిపోతుంటే గూడ చెయ్యి అందిస్తడు వాడు. శత్రువును ప్రేమించుమని మీరు చెప్పేది గదే గదా!"

"శత్రువును ప్రేమించనీకి టికెట్ కొనాల్నా?"

"కానుకల పెట్టె గూడ ఉన్నది గదా పెద్దయ్యా మన దగ్గర!"

మా ఆయన నా కాలు తొక్కాడు. పాస్టరయ్యగారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపి, అత్తమ్మ వైపు వంగి, చాలా మెత్తగా అడిగారు: "అమ్మా, నీకు తెల్వకుండ జరిగింది గదా ఇది?"

ఒక్క మాట చాలు. 'అవు' అంటే చాలు. శుక్రవారం ఆమె చేతిలోకి వస్తుంది.

అత్తమ్మ లేచి నిలబడింది. సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడ్డట్టే, చెంగు సర్దుకుని నిలబడింది.

"తెలిసే పోయినయ్యగారు. దాన్ని నేనే తీస్కపోయిన. ఇదొక్కటే గాదు. దీని ముంగటియి అన్ని జూసిన. కోడలు ఇస్కూల్‌కు పోయినంక టీవీల వస్తుంటె జూసేదాన్ని. మొదటిది సికింద్రాబాదుల, బాల్కనీల కూసొని జూసిన."

మా ఆయన నోరు తెరిచాడు. నాకు ఆ టీవీ మీది అల్లిక గుడ్డ కళ్లముందు మెదిలింది. ఎన్ని మధ్యాహ్నాలు తీసి, ఎన్ని మధ్యాహ్నాలు నేను వచ్చేలోపు మళ్లీ మడత తప్పకుండా కప్పి ఉంటుందో! అయిపోయింది అనుకున్నాను. శుక్రవారం పోయింది. ఈమె చేతులారా పోగొట్టుకుంది.

అప్పుడు పాస్టరయ్యగారి కళ్లు చెమ్మగిల్లాయి. నాకు అర్థం కాలేదు. ఆయన పెద్దల వైపు తిరిగి, వణికే గొంతుతో అన్నారు:

"చూసిన్రా? కోడలి తప్పు మొత్తం తన మీద ఏస్కుంటాంది. ఒకరి భారము ఒకరు మోయుడంటె ఇదే."

"కాదయ్యగారు, నిజంగనే..." అంది అత్తమ్మ.

"సాలమ్మా, సాలు. ఇంక చెప్పకు," అన్నాడు రిటైరైన పెద్దాయన. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు! నాతో ఎన్నడూ సమాధానపడని మనిషి! "కోడలి కోసం ఇంత అబద్ధం ఆడింది తల్లి. దేవుడు దీన్ని అబద్ధమని రాస్కోడు."

"ఫోన్ల కాడ కూసున్న పిల్లను గూడ గుర్తువట్టిన," అని ఆమె ఇంకా చెప్పబోయింది. ఆమె ఎంత నిజం చెబితే వాళ్లు అంత కరిగిపోయారు. చివరికి పాస్టరయ్యగారు నా వైపు చూసి, "ఇట్లాంటి అత్త దొరకుడు నీ భాగ్యమమ్మా. ఇప్పటికన్న తెలుసుకో," అన్నారు. శుక్రవారం కూడిక ఆమే నడపాలని అక్కడికక్కడే తేల్చేశారు.

నా నోట్లో మాటలు వరదలా వచ్చి పళ్ల వెనక ఆగాయి. ఆమె చెప్పింది అక్షరం అక్షరం నిజమని నిరూపించగలను. నిరూపిస్తే శుక్రవారం పోతుంది. అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. అత్తమ్మ కూడా. ఆమె చూపులో బతిమాలడం లేదు, చెప్పేదేదో చెప్పమన్నట్టే ఉంది.

"అవునయ్యగారు," అన్నాను.

నా జీవితంలో గెలిచే వాదన ఒకటి చేతిలో పెట్టుకుని ఊరుకున్నది ఆ ఒక్కసారే. అప్పటి నుంచి చర్చి మెట్ల మీద చిన్నపిల్లల తల్లులు నన్ను చూసి గుసగుసలాడతారు, గండిమైసమ్మ నుంచి వచ్చే ముసలమ్మలు నా తల మీద చెయ్యి పెట్టి నా మార్పు కోసం ప్రార్థిస్తారు. ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నావు, ఆమెకు ఇబ్బంది కాదా అని మా ఆయన అడిగాడు. ఏం ఇబ్బంది? ఆమె నోటితో ఆమె చెబితేనే నమ్మలేదు, నేను రాస్తే నమ్ముతారా?

ఆ ఆదివారం ఇంటికి వస్తూ, మా ఆయన పాల ప్యాకెట్ కోసం ఆగినప్పుడు, ఆమెను పట్టుకున్నాను.

"సికింద్రాబాదుల సినిమ నిజమేనా?"

"అబద్ధమెందుకు ఆడ్త, దేవుని గదిల?"

"ఒక్కరే పోయిన్రా?"

"సికింద్రాబాదుకు ఒక్కదాన్ని ఎట్ల వోతనే? అప్పుడు బస్సులే తక్కువుండె."

"మామయ్యతోనా?"

ఆమె నవ్వింది. దగ్గు వచ్చేంతగా నవ్వింది. "మీ మామ? టాకీసు ముంగటికెళ్లి పోయినా మొకం తిప్పుకునేటోడు!"

మా ఆయన అప్పటికి హాస్టల్లో ఉండేవాడు. ఆడబిడ్డ కాదు, అది ఇప్పటికీ అమ్మ తనంతట తాను సినిమాకు పోయిందంటే నమ్మదు. అత్తమ్మకు అక్కాచెల్లెళ్లు లేరు. నేను ఒక్కొక్కరినీ తీసేస్తూ రోడ్డు మీద నిలబడి ఉంటే, ఆమె మా ఆయన చేతిలోని పాల ప్యాకెట్ అందుకుని ముందుకు నడిచింది.

తర్వాతి శుక్రవారం మనవుల దగ్గర మళ్లీ ఆ ఎత్తుల మీది బిడ్డ కోసం ప్రార్థన చేయించింది. ఈసారి ఎవరూ పేరడగలేదు, అందరూ ఆమెన్ అన్నారు. ఆ గొంతుల మధ్య నేను మాత్రం కళ్లు తెరిచే కూర్చుని ఆమె ముఖాన్నే చూస్తున్నాను. చాలా శుక్రవారాలు అలాగే చూశాను. ఎంత అడిగినా నవ్వే తప్ప మాట లేదు. అత్తమ్మా, ఆ రోజు సికింద్రాబాదు బాల్కనీలో మీ పక్క సీట్లో కూర్చున్నది ఎవరు?